విమానం చప్పుడు

“ఎవ్వరి మాట ఇనవడొద్దని గివి కొంటున్నవు?”

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి సెల్‌ఫోన్ల షాపులో, అందరి ముందూ నవనీత మొగుణ్ణి నిలదీసింది. గోపాల్ గతుక్కుమన్నాడు. చేతిలోని ఇయర్‌ఫోన్ల పెట్టెను మెల్లగా కౌంటర్ మీద పెట్టాడు.

“నీ మాట గాదే, విమానం చప్పుడు. ఎల్లుండి మస్కట్ పోవాల్నా వద్దా? ఇంజను మోతకు చెవులు గుయ్యిమంటయి. నిద్రవట్టది.”

“ఇన్నేండ్ల సంది పోతున్నవు, వస్తున్నవు. చెవులు గుయ్యిమన్నయని ఎన్నడన్న చెప్పినవా? జరంత దూది పెట్టుకుంటె సరిపాయె అంటుంటివి. గిప్పుడే మోపైందా చప్పుడు?”

షాపాయన కరుణాకర్‌కు ఇలాంటి జంటలు కొత్త కాదు. గల్ఫ్‌కు పోయేవాళ్లతోనే ఆ షాపు నడుస్తుంది. గొడవ ముదిరితే బేరం పోతుందని, గబగబా రెండు రకాలు తీసి ముందు పెట్టాడు.

“గిది చెవులల్ల దూరేదన్నా, రబ్బరు బుడిపెలుంటయి. పక్కకు ఒరిగి పండుకున్నా ఏం గాదు. గిదేమో చెవుల మీద డిప్పల్లెక్క కూసుంటది. విమానం మోతకు గిదే పక్కా. తీగ గూడ ఇస్తం, సీటు ముందటి టీవీకి పెట్టుకోవచ్చు.”

“చార్జింగు మస్కట్ దాక ఆగుతదా? విమానం లేచేటప్పుడు గూడ పెట్టుకోనిస్తరా?” గోపాల్ ఒకటే ప్రశ్నలు.

ప్రయాణం దగ్గర పడితే నోరు పెగలని మనిషి. బ్యాగు సర్దుతుంటే అటు మొహం తిప్పుకుని కూర్చునే మనిషి. ఈసారి మాటకు ముందోసారి వెనకోసారి విమానం, విమానం అంటుంటే నవనీతకు ఒళ్లు మండింది. అక్కడ ఎవరో ఎదురుచూస్తున్నారు, లేకపోతే ఇంత సంబరమెందుకు? దానికి తోడు ఈ మధ్య ఫోన్ మోగితే చాలు, వాకిట్లోకి ఒకటే పరుగు. ఎవరయ్యా అంటే సిద్దిరాములు అంటాడు. మగవాడు మగవాడితో గోడ చాటున గుసగుసలాడటం ఆమె ఎక్కడా చూడలేదు.

“సాపుగ అడుగుతున్న,” గొంతు తగ్గించి అంది. “గాడ ఎవతన్న ఉన్నదా?”

“ఛీ, గవేం మాటలే! కొండగట్టు అంజన్న మీద ఒట్టు.”

“ఒట్టు దాక వచ్చినవంటె ఉన్నట్టే.”

కరుణాకర్ ఇక లాభం లేదని మధ్యలో దూరాడు. “అక్కా, జర మీరే పెట్టుకొని చూడున్రి. నచ్చితేనే తీస్కోన్రి, లేకుంటె లేదు.”

డిప్పల ఇయర్‌ఫోన్లు ఆమె తలకు తగిలించి, అందులో పాట పెట్టాడు. షాపులో ఉన్న పెద్ద స్పీకరులో విమానం ఇంజను మోత పెట్టాడు. మోత మొదలైన క్షణంలోనే నవనీతకు అది మాయమైంది. రోడ్డు మీది ఆటోలు, తల మీది ఫ్యాను అన్నీ మాయమయ్యాయి. పాట ఒక్కటే మిగిలింది. అబ్బ, ఇదేదో బాగానే ఉందే అనుకుంది.

వినబడుతోందా అని గోపాల్ చేత్తో సైగ చేశాడు. లేదని తలూపింది.

సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. సిద్దిరాములే. ఇంకో రోజైతే ఈపాటికి రోడ్డు మీద ఉండేవాడు. ఈసారి మాత్రం పెళ్లాం చెవుల మీది డిప్పలు చూసుకుని ధీమాగా అక్కడే ఉండిపోయాడు. స్పీకరు ఆపమని కరుణాకర్‌కు సైగ చేసి, కౌంటరుకు ఆనుకుని చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఒకసారి ఆమెను చూసి నవ్వాడు కూడా.

నవనీత అతని మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. మొదట మూతి ముడుచుకునే ఉంది. కాసేపటికి ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఫోన్ పెట్టేసి, గోపాల్ ఆమె తల మీది డిప్పలు తీశాడు. “ఏమైందే, ఏడుస్తున్నవు? పాట గంత మంచిగున్నదా?” అన్నాడు. అంతలోనే అనుమానం వచ్చింది. “నా మాటలేమన్న ఇనవడ్డయా?”

“ఒక్క ముక్క ఇనవడలే.”

“జూసినవా! నేను చెప్పలే? అన్నా, గివే ప్యాక్ చెయ్యి.”

“వద్దన్నా, లోపల పెట్టున్రి,” అంది నవనీత.

గోపాల్‌కు చిర్రెత్తింది. “ఇంకా అనుమానమేనా నీకు?”

“లేదయ్యా. అనుమానం మొత్తం పోయింది. సిద్దిరాములు ఎవలో, ఆయనతోని నువ్వేం మాట్లాడుతున్నవో అన్నీ ఎరుకైనయి.”

“ఒక్క ముక్క ఇనవడలే అంటివి గద!”

“ఇనవడలే. మా తల్లిగారిది సిరిసిల్ల. చిన్నప్పటి సంది సాంచెల కాడ నూలు కండెలు చుట్టిన. మరమగ్గాలు నడుస్తుంటె గా మోతల ఎవ్వరి మాట ఎవ్వరికి ఇనవడది. పెదవులు జూసే మాట్లాడుకుంటం మేము.”

గోపాల్ చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయి తల దించుకున్నాడు. నవనీత కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇయర్‌ఫోన్లు కరుణాకర్ వైపు జరిపింది.

“మస్కట్ కంపెనీ మూతవడి, గా సిద్దిరాములు ఎంబడి బొంబాయి దిక్కు భీవండిల మూటలు మోయ వోయెటోనికి విమానం చప్పుడు యాడికెల్లి వస్తదయ్యా? రెండు బస్సు టికెట్లు తియ్యి, నేను గూడ వస్త.”