డ్రమ్స్ మీద అభిప్రాయాలు

ఇవాళ ఎలాగైనా చెప్పెయ్యాలని సౌండ్ ఇంజనీరు గుండె రాయి చేసుకున్నాడో లేదో, బావమరిది చేతిలో కాగితాల కట్టతో స్టూడియోలోకి వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"శ్రోతల అభిప్రాయాలు బావా. ప్రింటు తీయించాను. చదువుతాను, విను."

ఇంజనీరు నోటిదాకా వచ్చిన మాట మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

బావమరిది ఒక బ్యాండులో డ్రమ్మరు. వాళ్ల ఆల్బం విడుదలై నెల తిరగలేదు, ఏ బస్సెక్కినా, ఏ దుకాణం ముందు నిలబడినా అదే మోత. అభిప్రాయాలు వేలల్లో వచ్చి పడుతున్నాయి. వాటిల్లో పాటలు బాగున్నాయన్నవీ, గాయకుడు అరుస్తున్నాడన్నవీ అన్నీ పక్కన పెట్టి, డ్రమ్స్‌ని మెచ్చుకున్నవి మాత్రమే ఏరి క్లిప్పు పెట్టి మరీ తెచ్చాడు. పొగడ్త చేదుగా ఉంటుందా ఎవరికైనా అనుకున్నాడు ఇంజనీరు.

మొదటిది ఎవరో బస్సు డ్రైవరు రాసింది. మూడో పాట వస్తే స్టీరింగు మీద వేళ్లు వాటంతటవే ఆడుతున్నాయట, వెనక ప్రయాణికులు తిడుతున్నారట. రెండోది ఒక నర్సుది. డ్యూటీ దిగి కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వెళ్లేటప్పుడు ఆరో పాట పెట్టుకుంటే నాలుగంతస్తుల మెట్లు ఎక్కినట్టే తెలియడం లేదట. ఒక్కోటి పూర్తి కాగానే బావమరిది తలెత్తి, "విన్నావా?" అని బావ ముఖంలోకి చూస్తున్నాడు. ఇంజనీరు తలూపుతున్నాడు.

ఆ తర్వాతది లెక్కల మాస్టారిది. ఆయన ఎవరినీ ఊరికే వదిలే రకం కాదు. "మాటల్లో అర్థం లేదు, గిటారులో ఒద్దిక లేదు. కానీ ఆ డ్రమ్స్ వాయించిన చేతులకి మాత్రం దణ్ణం" అని రాశాడు.

ఆ చేతుల సంగతి ఇంజనీరు ఒక్కడికే తెలుసు. రికార్డింగు రోజుల్లో బావమరిది ఎడమచెయ్యి వణికింది. దెబ్బ పడాల్సిన చోట పడలేదు, పడినచోట బలం లేదు. బ్యాండువాళ్లందరూ వెళ్లిపోయాక ఆయన పదకొండు రోజులు ఒంటరిగా కంప్యూటరు తెర ముందు కూర్చుని, మూడేళ్ల కిందట ఇదే డ్రమ్ముల మీద బావమరిది వాయించిన దెబ్బలు పాత రికార్డింగుల్లోంచి ఒక్కొక్కటే ఏరి తెచ్చి, కొత్త పాటల్లో అతికించాడు. ఒకటో రెండో తప్పులు దిద్దడం స్టూడియోల్లో మామూలే, బియ్యంలో రాళ్లేరడం లాంటిది. ఇక్కడ రాళ్లేరితే చేట ఖాళీ అయింది. భార్యతో కూడా అనలేదాయన. తమ్ముడి సంగతి వింటే ఆమె తట్టుకోలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఇరవై ఊళ్లలో కచేరీలు ఖాయమయ్యాయని, రేపే సంతకాలని గాయకుడు నిన్న ఫోను చేసి చెప్పాడు. స్టేజి మీద అతికించేవాడు ఎవడుంటాడు? వేలమంది ముందు ఆ చెయ్యి ఆగిపోతే? చెబితే ఇక్కడ గుండె పగులుతుంది, చెప్పకపోతే అక్కడ పరువు పోతుంది. బావ బతుకు కోరతాడంటారు. నోరు మూసుకుని కూర్చోవడం ఏ రకం కోరడమో ఆయనకి అర్థం కాలేదు.

"రేపు సంతకాలటగా?" అన్నాడు చివరికి.

"అవునట" అని బావమరిది పేజీ తిప్పాడు.

"ఇంకా ఎన్నున్నాయిరా?"

"నూట నలభై. ఇది విను, ఈ పెద్దావిడ ఏమందో..."

ఇంజనీరు చెయ్యి చాపి కాగితాల మీద పెట్టేశాడు. "వద్దు, చదవకు. ఆ దెబ్బలు నువ్వు ఈ రికార్డింగులో వాయించినవి కావు."

ఇక ఆపుకోలేదు. పదకొండు రోజుల సంగతీ తల వంచుకునే చెప్పాడు. తప్పంతా తనదేనన్నాడు. ముందే చెప్పి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాల్సిందన్నాడు. "సంతకం పెట్టకురా. స్టేజి మీద నేనుండను" అన్నాడు.

బావమరిది కాగితాల అంచులు మోకాలి మీద తట్టి సరిచేసుకున్నాడు. ఎడమచేతి కింద కాగితాలు అదురుతున్నాయి. దాచుకోలేదు.

"ఆల్బం మొదటిసారి విన్నప్పుడే తెలిసింది బావా. నా చెయ్యి ఎక్కడెక్కడ ఆగిందో నాకు తెలియదా? పొద్దున్నే బ్యాండువాళ్లకి చెప్పేశాను, ఇంకొకణ్ణి చూసుకోమని."

ఇంజనీరుకి సిగ్గూ కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అన్నీ తెలిసి ఈ నాటకమేమిటనిపించింది. అయినా ఊరుకోబుద్ధి కాలేదు. "అవి పరాయివాడివి కావురా, నీ దెబ్బలే. ఒక్కటీ బయటినించి తేలేదు."

"దెబ్బలు నావే. వాటిని వరస పెట్టి వాయించింది నువ్వు."

"మరి ఇందాకటి నుంచీ ఈ పొగడ్తలు నాకెందుకు చదువుతున్నావు?"

బావమరిది కట్ట తీసి బావ ఒళ్లో పెట్టాడు.

"నీకొచ్చినవి నీకు కాక ఇంకెవరికి చదవను బావా?"