ఈరవ్వ పేరు మీది లైను

పేరు దాచే సాఫ్ట్‌వేర్‌లను రామ్‌దాస్ నమ్మలేదు. అసలు లైనే ఇంకొకరి పేరు మీద ఉంటే దాచే పనే ఉండదు గదా అని అతని తెలివి.

బోధన్ బస్టాండ్ దగ్గర అతనికి సీడీల దుకాణం ఉంది. శుక్రవారం విడుదలైన సినిమా ఆదివారానికల్లా అక్కడ దొరుకుతుంది. కోటగిరి నుంచి, రుద్రూర్ నుంచి వచ్చి కొనుక్కుపోతారు. అన్నీ నెట్‌లోంచి దించినవే. ఆ పద్ధతిలో చిక్కు ఒకటుంది. మనం సినిమా దించుకుంటున్నంతసేపూ మన కంప్యూటర్ అదే సినిమాను ఇంకో పదిమందికి పంచుతూనే ఉంటుంది. ఏ లైను నుంచి, ఏ రోజు, ఎంత పోయిందో నెట్ ఆఫీసులో నమోదై ఉంటుంది. సినిమావాళ్లు కేసు పెడితే ఆఫీసువాళ్లు ఆ లైను ఎవరి పేరు మీదుందో చూసి చెబుతారు, అంతే. హైదరాబాద్‌లో ఇట్లాగే ఇద్దరిని పట్టుకున్నారని పేపర్లో చదివిన రోజు రామ్‌దాస్‌కు అన్నం దిగలేదు.

వారం తిరక్కుండా రాకాసిపేటలో తన పక్కింటి ఈరవ్వ దగ్గరికి పోయాడు.

ఈరవ్వ బీడీలు చేస్తుంది. ఒంటి మనిషి. ముసలి పింఛను ఇప్పిస్తానని రామ్‌దాస్ ఆమె రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫోటోలు, నాలుగు చోట్ల వేలిముద్ర తీసుకున్నాడు. పింఛను రాలేదు. నెట్ లైను వచ్చింది. దాని వెనకే రామ్‌దాస్ కొన్న కంప్యూటర్ వచ్చి ఆమె ఇంటి ముందు గదిలో కూర్చుంది. బిల్లు ఆమె పేరు మీదే. పోలీసు వస్తే ఆమె ఇంటికి వస్తాడు, తాను గోడ అవతల నిలబడి తమాషా చూడొచ్చు. పెద్దమనుషుల భద్రత అంటే ఇదే మరి. తమ పేరు పదిలంగా ఉండాలంటే ఎవరో పేదోళ్ల పేరు బజారున పడాలి.

పడింది కూడా. రేషన్ కార్డుల సర్వేకు వచ్చినాయన గుమ్మంలోనే ఆగి కంప్యూటర్ చూశాడు, వైరు చూశాడు, కింద కూర్చుని బీడీలు చుడుతున్న మనిషిని మాత్రం చూడలేదు. ఇంట్లో నెట్ పెట్టుకున్నవాళ్లకు తెల్లకార్డు ఎందుకని కొట్టేసి పోయాడు. మరుసటి నెల నుంచి కంట్రోలు బియ్యం బంద్.

ఈరవ్వ రామ్‌దాస్‌ను మూడుసార్లు అడిగింది. మొదటిసారి చూద్దామన్నాడు. రెండోసారి, పెద్ద సినిమా సగం దాకా వచ్చింది, ఇప్పుడు కదిపితే పాడైపోతుందన్నాడు. మూడోసారి ఆమె బతిమాలింది. ఆ సామాను ఇంట్లోంచి పోతే కార్డు మళ్లీ రాస్తామని మండలాఫీసులో చెప్పారట.

"నీకెరుక లేని ముచ్చట్ల తలకాయ పెట్టకవ్వా," అన్నాడు రామ్‌దాస్. "ఇంట్ల కంప్యూటర్ ఉందంటే నీకే ఇజ్జత్ గద."

"ఇజ్జత్ ఉడకవెట్టుకొని తిందునా కొడుకా?"

ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. ముసల్దానికి బుద్ధొచ్చిందనుకున్నాడు.

పదిరోజులు పోయాక ఒక మంగళవారం పొద్దున ఈరవ్వ తనే దుకాణం దాకా నడిచొచ్చింది. కంప్యూటర్ గురించి ఎవరో సారు వచ్చాడని, కాగితం రాస్తున్నాడని, పక్కింటివాళ్లను పిలవమన్నాడని చెప్పింది.

రామ్‌దాస్ దుకాణం షట్టర్ దించాడు. పారిపోదామనుకున్నాడు. పారిపోతే అనుమానం తనమీదికి వస్తుందని ఆమె వెంట నడిచాడు. ఇంటిముందు ట్రాలీ ఆటో నిలబడి ఉంది. జప్తు చేసుకుపోవడానికే! లోపల ఇస్త్రీ చొక్కా, నల్లబూట్లు, చంకలో బ్యాగుతో ఒకాయన కంప్యూటర్ వెనక వైర్లను ఒక్కొక్కటే పట్టి చూస్తున్నాడు. నెట్ ఆఫీసు మనిషా, మఫ్టీలో ఉన్న పోలీసా? అడిగే ధైర్యం రామ్‌దాస్‌కు లేదు.

"ఇది ఎవరిది?" అన్నాడు ఆయన.

"ఈరవ్వదే సార్."

"లైను?"

"గది గూడ ఆమెదే. బిల్లు సూడుండ్రి, ఆమె పేరే ఉంటది."

రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందని ఆయన అడిగాడు. తనకు తెలియదన్నాడు రామ్‌దాస్. మీరు ఎప్పుడైనా వాడారా అంటే, చెయ్యి కూడా పెట్టలేదని తల్లిమీద ఒట్టేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. అడగకుండానే ఇంకో మాట చెప్పాడు.

"అవ్వ అమాయకంగ కనవడ్తది గని సార్, ఆమెకు అన్నీ ఎరుకే."

డెబ్బై ఏళ్ల మనిషిని జైలుకు పంపడానికి ఆ నోరు తడబడలేదు. ఈరవ్వ మాత్రం చాట ముందు కూర్చుని తునికాకు కత్తిరిస్తూ తలెత్తలేదు.

ఆయన అంతా కాగితం మీద పెట్టాడు. కంప్యూటర్, దానితో ఉన్న సామాను అంతా ఈరవ్వదేననీ, తనకు దాని మీద ఏ హక్కూ, దాంతో ఏ సంబంధమూ లేదనీ పక్కింటి రామ్‌దాస్ ఇష్టపూర్వకంగా చెప్పినట్టు రాసి, చదివి వినిపించాడు.

"రేపు మాట మార్చరు గద?"

"ఎందుకు మారుస్త సార్," అంటూ రామ్‌దాస్ పెన్ను గుంజుకున్నంత పనిచేశాడు. పేరు బయటపడొద్దని ఇన్ని నెలలు తిప్పలుపడ్డ మనిషి ఇప్పుడు తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా రాసి సంతకం పెట్టాడు. ఆయన అడగకపోయినా కింద తేదీ వేశాడు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆయన కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, అదే బ్యాగులోంచి నోట్లు తీసి ఈరవ్వ చాటలో పెట్టి, "ఇగ నాకు బుగులు లేదవ్వా, దుబాయ్‌కెల్లి వచ్చి కమ్మర్‌పల్లిల నెట్ సెంటర్ పెడుతున్న, సెకండ్‌హ్యాండ్ సామాను కొంటే పక్కింటోళ్ల సంతకం తీసుకో, లేకుంటే రేపు అది దొంగ సామానని తేలితే మనమీదికొస్తదని మా బాపు మరీ మరీ చెప్పిండు," అన్నాడు.