బాతు పాట

ఒక చెరువులో గంగులు అనే ముసలి కప్ప ఉండేవాడు. ఎండలకు చెరువు ఇంకి పెళ్లాం పిల్లలు పోతే, ఆ దుఃఖంలో ఒక పాట కట్టాడు. వానలు పడ్డాక గట్టు మీద కూర్చుని రోజూ పాడేవాడు. పీతలు ఒక్క చరణం విని బొరియల్లోకి జారుకునేవి.

ఒకనాడు పైడమ్మ అనే బాతు అదే పాటను జోరుగా పాడుతూ, తోక ఊపి నాలుగు గంతులు వేసింది. వారం తిరిగేసరికి కొంగలు, తాబేళ్లు, ఆఖరికి నత్తలు కూడా దానికే ఊగుతున్నాయి.

గంగులుకు కడుపు మండింది. "పైడమ్మా, అది మా వాళ్లు పోయినప్పటి ఏడుపు" అన్నాడు.

"అయ్యో, అలాగా బాబాయ్? మాటలెవరు విన్నారు, దరువు బాగుందని ఎత్తుకున్నా" అంది బాతు.

తర్వాత పీతల పెళ్లిలో పాడమని గంగులుకు కబురొచ్చింది. ఇన్నాళ్లకు తనను పిలిచారని పొంగిపోయి, వెళ్లి కళ్లనీళ్లతో పాడాడు.

పెళ్లిపెద్ద పీత భుజం తట్టింది. "బాతు పాట బాగానే పట్టావయ్యా. కాస్త తోక ఊపడం కూడా నేర్చుకుంటే పైకొస్తావు."

గంగులు ఇంటిదారి పట్టాడు. చిన్నప్పుడు తనకున్న తోక ఊడిపోయినందుకు ఆ రోజే మొదటిసారి బాధపడ్డాడు.