రెండు గాట్లు వెనక్కి

“ఇదేమిటమ్మాయ్, కోటా? దిండు గలీబా?”

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని మరీ అడిగారు. కోడలి నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి జవాబు రాలేదు. ఒకందుకు అదీ మంచిదే అయింది.

భోజనాల బల్ల నిండా, గుడ్డ కత్తిరించే గీతలు అచ్చేసిన పల్చటి ప్యాటర్న్ కాగితాలు. వాటితోపాటు వచ్చిన కవరు మీద ఒక సన్నటి అమ్మాయి ఆ కోటే తొడుక్కుని హాయిగా నవ్వుతోంది. ‘ఒక్క పూటలో మీరే కుట్టుకోండి’ అని ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర రాసి ఉంది. ఆ ఒక్క పూట మొదలై నాలుగు రోజులైంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళకు కోడలికి ఒక ఉద్యోగం దొరికింది. రేపు పొద్దున్నే చేరాలి. కోటు లేనిదే రాకూడదని ఆ ఆఫీసు నియమం. దుకాణాల్లో దొరికే కోట్లు భుజానికి సరిపోతే నడుముకు పట్టవు, నడుముకు పడితే భుజాన నిలవవు. అందుకే ఈ అవస్థ. దానికి తోడు దొరగారు ఒక షరతు కూడా పెట్టారు.

“సాయంత్రానికి కోటు తయారైతే వెళ్ళు. కాకపోతే రానని ఫోన్ చేసి చెప్పెయ్. నువ్వు వంకర కోటేసుకుని వెళ్తే పోయేది నా పరువు.”

దొరగారంటే ఆమె భర్తే. ఆ పేరు ఆమె మనసులో పెట్టుకున్నది. ఆయన ఇంట్లోనే కూర్చుని విదేశీ కంపెనీలకు సలహాలిస్తారు. పొద్దున్నే పైన టై, కింద పైజామాతో గదిలోకెళ్ళి తలుపేసుకుంటారు. ఏ కంపెనీలండీ అని అడిగితే, “రహస్య ఒప్పందం. నోరు జారితే ఉద్యోగం పోతుంది” అంటారు. విదేశాల వాళ్ళ కోసం ఆయన దగ్గర ఒక ప్రత్యేకమైన ఫోనుంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. స్నానానికి వెళ్ళినా వెంట తీసుకుపోతారు.

పొద్దున కాఫీకి వచ్చినప్పుడు ఆయన కోటు వైపు ఓరగా చూశారు.

“కోటు చెయ్యి తిరగేసి పెట్టావు. అంచున రెండు గాట్లున్న వైపు వెనక్కి రావాలి.”

కోడలి నోట్లోంచి సూదులు రాలాయి. “మీకెలా తెలుసండీ?”

“బుర్ర ఉంటే తెలుస్తుంది. పెద్దపెద్ద కంపెనీలనే దార్లో పెట్టేవాడికి కోటు చెయ్యి ఒక లెక్కా?”

“వాడి తెలివి పుట్టుకతో వచ్చింది తల్లీ” అని అత్తగారు మురిసిపోయారు.

చెయ్యి నిజంగానే కుదిరింది. కోడలికి ఒళ్ళు మండింది. ఆయన చెబితేనే కుదరాలా?

ఇక మిగిలింది కాలరు. ‘పై ముక్కను కింది ముక్కకు చేర్చి, బయటివైపు లోపలికి తిప్పి, లోపలివైపు బయటికి తీయండి’ అని ఉంది సూచనల కాగితంలో. ఆమె చేర్చింది, తిప్పింది, తీసింది. తీసిన ప్రతిసారీ కాలరు అలిగినట్టు మూతి ముడుచుకుంది.

“ఈ కాగితంలోనే ఏదో తిరకాసుంది అత్తయ్యా.”

“ఆడలేక మద్దెల ఓడంటే ఇదే మరి.”

కాగితం అడుగున ‘సందేహాలుంటే ఫోన్ చేయండి’ అని ఒక నంబరుంది. కోడలు చేసింది. ‘మా నిపుణులు మరొకరితో మాట్లాడుతున్నారు’ అని ఒక తియ్యటి గొంతు చెప్పి, పాట వేసింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే పాట. మధ్యాహ్నానికి ఆ పాట ఆమెకు కంఠతా వచ్చేసింది.

భోజనం దగ్గర దొరగారు విసుగ్గా ఉన్నారు. ఫోను కంచం పక్కనే ఉంది. “ఏం మనుషులో! చెప్పిందే పదిసార్లు చెప్పాలి. అయినా తలకిందులుగానే చేస్తారు.”

“పెద్ద వ్యవహారాలు కదా నాన్నా” అన్నారు అత్తగారు.

“మీరు నయం, మాట్లాడుతున్నారు” అంది కోడలు. “ఈ ప్యాటర్న్ వాళ్ళ నంబర్లో కూర్చున్నవాడు నా ఫోనే ఎత్తడు. పనీపాటా లేని మొహం, ఎవరితోనో కబుర్లేసుకుని కూర్చున్నాడు.”

దొరగారికి చర్రున కోపం వచ్చింది. “వాళ్ళ కష్టం నీకేం తెలుసు? అయినా ఆ నంబరుకెందుకు చేస్తున్నావ్? నా భార్య కాలరు తిప్పడం చేతగాక ముక్కూమొహం తెలియనివాణ్ణి అడుగుతోందంటే ఎంత నామోషీ! ఇంకెప్పుడూ చెయ్యకు.”

ఫోను పట్టుకుని విసురుగా లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

సాయంత్రమైంది. కాలరు ఒకవైపు నిలబడింది, ఇంకోవైపు పడుకుంది. అత్తగారికి నవ్వాగలేదు.

“ఒరేయ్ అబ్బాయ్, ఒక్కసారి ఇలా రారా! మీ ఆవిడ కాలరు చూద్దువుగాని!”

ఇలాంటి పిలుపుకు దొరగారు ఎన్నడూ ఆలస్యం చెయ్యరు. తలుపు బార్లా తీసి, చేతులూపుకుంటూ వచ్చారు. కోటును రెండు వేళ్ళతో పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, తల్లికి చూపించి తనివితీరా నవ్వారు.

“నేను ముందే చెప్పలేదూ? ఉద్యోగాలంటే ఆషామాషీ కాదు. ఊఁ, మాటంటే మాటే. ఫోన్ తియ్యి.”

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఉద్యోగం ఆమెకు ఎంత కావాలో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత చేతికందింది, ఒక జానెడు గుడ్డ దగ్గర జారిపోతోంది.

“సరేనండీ” అని తన ఫోను అందుకుంది.

“ఇప్పటికి బుద్ధొచ్చింది” అన్నారు అత్తగారు.

కోడలు ఆఫీసు నంబరు వెతకలేదు. సూచనల కాగితాన్ని దగ్గరికి లాక్కుని, అడుగునున్న అంకెలు నొక్కింది. ఆఖరిసారి అడిగి చూద్దామనుకుంది. ఎదురుగా దొరగారు టై సర్దుకుంటూ, భార్య నోట ‘రాను’ అన్న మాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు.

ఈసారి పాట రాలేదు. రింగు వెళ్ళింది.

దొరగారి గదిలో ఫోను మోగింది.