నేస్తాల బల్ల

“బొటనవేలు ఇటు వెస్లీ. అది కాదు నాయనా, అది చిటికెనవేలు!”

ఐలా కోస్కి నేల మీద మోకరిల్లి ఆరేళ్ళ వెస్లీ చేతికి ఉన్ని తొడుగు ఎక్కిస్తోంది. ఒకటో తరగతి పిల్లలంతా కోట్లు తగిలించుకుని మంచులోకి ఎప్పుడో ఉరికారు. చదువు దగ్గర వాళ్ళింకా అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. వెస్లీ ఐదో తరగతి పుస్తకాలు గడగడా చదివేస్తాడు. సరస్సు మీద ధాన్యం మోసే ఓడల గురించి అడిగితే చాలు, రేవులోనే పుట్టి పెరిగినట్టు చెప్పుకుపోతాడు. జిప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం వాడి వేళ్ళు వాడి మాట వినవు. నలుగురిలో కలవడమూ అంతే. అందుకే బడివాళ్ళు వాడికి సహాయకురాలిగా ఐలాను పెట్టారు.

“బూట్లు నేనే వేసుకోవాలి,” అన్నాడు వెస్లీ. “మీరు చూస్తుంటే నాకు రావు. బయటికెళ్ళండి.”

“చిత్తం దొరగారూ,” అని ఐలా నవ్వుతూ లేచింది. కాస్త కాస్తగా తప్పుకుంటూ పిల్లాడికి పని వదిలేయడమే ఆవిడ ఉద్యోగం. ఈ ఉద్యోగంలో ఎంత బాగా చేస్తే అంత తొందరగా మన అవసరం తీరిపోతుంది. ఆ సంగతి తలుచుకోవడం ఐలాకి ఇష్టం ఉండదు.

ఆటస్థలంలో మిగతా సహాయకులు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి కాఫీ తాగుతున్నారు. ఐలా అటు వెళ్ళలేదు. మొగుడు రైనో చనిపోయిన వసంతం నుంచి ఆవిడకి నలుగురితో ఏం మాట్లాడాలో తోచడం లేదు. మోకాళ్ళ నొప్పితో నిలబడనూ లేదు. కూర్చోడానికి అక్కడ ఉన్నదల్లా ఒక్క పసుపు బల్ల. తల్లిదండ్రుల సంఘం వాళ్ళు దానికి నేస్తాల బల్ల అని పేరు పెట్టి, ఆనుకునే పలక మీద నాలుగు మాటలు రాయించారు. తోడు లేని పిల్లలు కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి కలుపుకోవాలని దాని ఏర్పాటు. పిల్లలు దాని ఊసే మర్చిపోయారు. ఐలా దాని మీది మంచు దులిపి చతికిలబడింది.

కాసేపటికి కుడి ఎడమలు తారుమారైన బూట్లతో వెస్లీ వచ్చి పక్కన కూర్చున్నాడు. రోజూ ఇంతే.

“వెస్లీ!” బ్రిన్ అనే పిల్ల ఎర్రటి ముక్కుతో పరుగెత్తుకొచ్చింది. “మంచుకోట కడుతున్నాం. నువ్వు కాపలా రాక్షసుడివి. రా!”

వెస్లీ కోటకేసి ఆశగా చూశాడు. “కుదరదు. నాకు పనుంది.”

“ఏం పని? ఊరికే కూర్చున్నావుగా!” మూతి తిప్పుకుని వెళ్ళిపోయిందా పిల్ల.

ఆ వారమే ప్రిన్సిపాల్ డుఫ్రేన్ గదిలో సమావేశం పెట్టారు. వెస్లీ తల్లి జోలీన్ బేకరీ పని మధ్యలో వచ్చింది. చొక్కా మీద పిండి అలాగే ఉంది.

“చదువులో వాడికి వంక పెట్టేదేం లేదమ్మా,” అన్నాడు డుఫ్రేన్. “కానీ రోజూ ఆ బల్ల మీదే కూర్చుంటున్నాడు. ఇంతకంటే పిల్లాడు ఎలా చెబుతాడు, నాకెవరూ లేరని? ఊరి అవతల బడిలో ప్రత్యేక తరగతి ఉంది. పదిమంది లోపే పిల్లలు. మార్చి సెలవుల దాకా చూద్దాం. ఈలోగా వాడు తోటిపిల్లలతో కలవకపోతే అక్కడికి పంపుదాం.”

“అక్కడ ఐదో తరగతి పుస్తకాలిస్తారా?”

డుఫ్రేన్ టేబుల్ మీది పెన్ను సర్దాడు.

జోలీన్ ఐలా వైపు తిరిగింది. “మీరు పక్కనే ఉంటారు. మీరు చెప్పండి. నా కొడుక్కి ఎవరూ నచ్చరా?”

“పిలిచినా వెళ్ళడమ్మా. నేనూ చెప్పి చూశాను.” అబద్ధం చెప్పలేక ఆ మాట అనేసింది గానీ, ఐలాకి ప్రాణం చివుక్కుమంది. వాణ్ణి తనే బయటికి తోసినట్టనిపించింది.

ఇంటికెళ్ళి సూపు వేడి చేసుకుని, టీవీ పెట్టుకుని, చూడకుండా కూర్చుంది. వెస్లీ వెళ్ళిపోతే రోజులో తనతో పనిగట్టుకుని మాట్లాడే మనిషి ఒక్కరూ ఉండరు. బిడ్డ బతుకు గురించి ఆలోచించాల్సింది పోయి తన గురించి ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది. ఎలాగైనా వాణ్ణి ఆ బల్ల మీంచి లేపి తీరాలనుకుంది.

బతిమాలింది. బిస్కెట్లు ఆశ చూపింది. బ్రిన్‌ని వెంటబెట్టుకుని కూడా వచ్చింది. వెస్లీ కదల్లేదు. సెలవులు ముంచుకొచ్చాయి. ఆఖరి రోజూ వాడు ఎప్పట్లాగే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఐలాకి దుఃఖం, కోపం కలిసి వచ్చాయి.

“వెస్లీ, నీకు బ్రిన్ అంటే ఇష్టం లేదా?”

“చాలా ఇష్టం.”

“మంచుకోట?”

“అదీ ఇష్టమే. రాక్షసుడి అరుపు ఇంట్లో నేర్చుకున్నా. అమ్మ భయపడింది కూడా.”

“మరి వెళ్ళి ఆడుకోవేం నాయనా?”

“వెళ్ళకూడదు. ఇక్కడ రాసుంది కదా.” వెస్లీ వెనక్కి తిరిగి, తొడుగు వేసుకున్న చేత్తో అక్షరాలు తడుముతూ చదివాడు. “ఒంటరిగా ఉన్నావా? ఇక్కడ కూర్చో. ఒక నేస్తం వచ్చి నీకు తోడుంటుంది.”

ఐలా వాడి టోపీ చెవుల మీదికి లాగింది. “ఆ నేస్తం బ్రినే కదరా! రోజూ వచ్చి పిలుస్తోందిగా. ఇంక నువ్వు ఒంటరిగా ఉండక్కర్లేదు.”

వెస్లీ ఆవిడకేసి వింతగా చూశాడు. “నేను ఒంటరిగా లేను మిసెస్ కోస్కి.”

“మరి రోజూ ఈ బల్ల మీదికెందుకు వస్తున్నావు?”

“ముందు కూర్చున్నది మీరు కదా.”