ఏడు గంటల కూత

“తెడ్డు ఆపు. నీళ్ళు ఏటంటన్నాయో ఇననీ,” అన్నాడు కూర్మయ్య.

బావమరిది పోలిరాజు తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. పడవ ముక్కు కూడా కనిపించనంత పొగమంచు. వల పైకి లాగుతున్నప్పుడు పడవ రెండుసార్లు గిర్రున తిరిగింది. అప్పటినుంచి కలకత్తా వైపు గార్డెన్ రీచ్ ఒడ్డు ఎటుందో, అవతలి ఒడ్డు ఎటుందో ఇద్దరికీ తెలియడం లేదు.

కూర్మయ్య రాయి కట్టిన తాడు నీళ్ళలోకి వదిలాడు. తాడంతా అయిపోయింది గాని రాయి అడుగు తగల్లేదు. అంటే ఓడలు నడిచే లోతులో ఉన్నారు. ఆటు మొదలయ్యే వేళ. నది సముద్రం వైపు లాగుతుంది. ఆ దిగువనే ఓడలు బారుగా లంగరేసి ఉంటాయి. ఆటులో కొట్టుకుపోయిన చిన్న పడవ ఆ గొలుసుల మీద పడితే తిన్నగా ఓడ కిందికే పోతుంది. మూడేళ్ళ కిందట ఇద్దరు అలాగే పోయారు. చెక్కలు మాత్రం దొరికాయి.

“ఏడయితే కార్ఖానా కూత పడతాది గదా బావా. అటేపు తెడ్డేసుకుంటే ఒడ్డే,” అన్నాడు పోలిరాజు.

“పడదు.”

“ఏటి, పడదేటి?”

“బందు. కూత ఎయ్యొద్దని బాయిలరు దేముడికి నేనే సెప్పినాను.”

పోలిరాజు ఒళ్ళోని తెడ్డు పక్కన పెట్టాడు. తర్వాత, “ఊరందరికీ బందు సెప్పి నువ్వు వల కట్టినావు. సేపలకి బందు నేదు గావాల,” అన్నాడు.

కూర్మయ్య రాయి తాడు పైకి లాక్కున్నాడు. ఇద్దరికీ ఒడ్డునున్న ఓడల మరమ్మతు కార్ఖానాలో పని. పనిలేని రోజుల్లోనే ఈ పడవ. యూనియన్‌లో తెలుగు కూలీల ఇళ్ళ లైను మొత్తానికీ పెద్ద కూర్మయ్యే. ఢిల్లీ సర్కారు మీద పిలిచిన బందు అది. నిన్న గడప గడపకీ తిరిగి చెప్పింది అతనే. చక్రం కదలకూడదు, కూత వినపడకూడదు, ఎవడు పనికి దిగినా వాడి యూనియన్ కార్డు పోతుంది. బాయిలర్లో నిప్పు ఆరిపోతే మళ్ళీ రాజెయ్యడానికి రెండు రోజులు పడుతుంది గనక దేముడొక్కడు లోపల ఉండడానికి ఒప్పుకున్నారు. అదంతా చెప్పి వచ్చి, పొద్దు వాలాక కూర్మయ్య వల కట్టాడు. కూలి లేని రోజున కూరకైనా వస్తుందని. తెల్లారగానే తీసేసి ఎనిమిదింటి గేటు మీటింగుకి అందుకోవచ్చనుకున్నాడు.

మామూలు రోజుల్లో పొగమంచైనా భయం లేదు. రేవు గంట, అవతలి జూటు మిల్లు, బస్సుల మోత, దేని చప్పుడు దానిది. ఏది ఎటునుంచి వస్తోందో కూర్మయ్య చెవికి తెలుసు. ఈరోజు కలకత్తా మొత్తం నోరు మూసుకుంది. మూసుకోమన్నవాళ్ళలో అతనూ ఒకడు.

అప్పుడు వినిపించింది. నీరు దేన్నో కోసుకుంటూ పోతున్న చప్పుడు. గొలుసు. దగ్గర్లోనే ఉంది. ఎటునుంచో తెలియలేదు. పోలిరాజు తెడ్డు పట్టుకున్నాడు గాని ఎటు వెయ్యాలో తెలియక బావ మొహంకేసి చూశాడు. కూర్మయ్య తల అటూ ఇటూ తిప్పి వింటున్నాడు.

కూత పడింది.

ఒకటే కూత, పొడుగ్గా. కుడి చేతి వైపునుంచి. ఇద్దరూ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అటే తెడ్లు వేశారు. ఎడమ పక్క ఓడ గోడలాంటి నలుపు ఒకటి పొగమంచులోంచి తేలి, వెనక్కి జరిగి, మాయమైంది. కూత ఆగలేదు. పడవ అడుగు బురదకి రాసుకునేదాకా వినిపిస్తూనే ఉంది.

పోలిరాజు ఒడ్డున కూలబడ్డాడు. వల దాచమని అతనితో చెప్పి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద పండుగప్ప చేపని కూర్మయ్య తువ్వాల్లో చుట్టుకున్నాడు. సందుల్లోంచి దేముడింటికి వెళ్ళాడు. అరుగు మీద కూర్చుని, కత్తిపీట అడిగి, పొలుసు తనే తీసి, ముక్కలు కోసి దేముడి భార్య అప్పాయమ్మకి ఇచ్చాడు.

ఆమె చెప్పింది. తెల్లారాక కూడా కూర్మయ్య రాకపోయేసరికి అతని భార్య పున్నమ్మ కార్ఖానా వెనక గోడ ఎక్కి బాయిలర్ గది కిటికీ దగ్గర ఏడ్చిందట. మనుషులు నీళ్ళ మీద ఉంటే బందేమిటని దేముడు అన్నాడట.

“ఆయన్నేటి సేత్తారు కూర్మన్నా?” అంది. చేప ముక్కల గిన్నె అరుగు మీద పెట్టేసింది. కార్డు పోతే పని పోతుంది. పనితో పాటు లైన్లో గదీ పోతుంది.

“ఏటీ సెయ్యరు. నేనున్నాను గదమ్మా,” అన్నాడు కూర్మయ్య. ఎనిమిది కావస్తోందని లేచాడు.

గేటు దగ్గర రెండు వందల మంది ఉన్నారు. దేముడు మధ్యలో నిలబడి ఉన్నాడు. చొక్కా చెయ్యి చిరిగి వేలాడుతోంది. యూనియన్ బెంగాలీ సెక్రటరీ మృత్యుంజయ దా గొంతు పెంచకుండానే మాట్లాడుతున్నాడు. నది పొడుగునా ఉన్న కార్ఖానాలన్నీ ఆ కూత విన్నాయి, ఈ గేటు బందుని అమ్ముకుందని అందరూ అంటున్నారు, ఎవరు వెయ్యమన్నారో చెబితే నీ సంగతి ఆలోచిస్తాం అన్నాడు.

దేముడు జనాన్ని చూశాడు. కూర్మయ్య మొహం దగ్గర చూపు ఆగింది. అతను బతికే ఉన్నందుకు కాబోలు, కొంచెం నవ్వాడు. మళ్ళీ తల దించుకున్నాడు.

“ఎవులూ సెప్పనేదు దాదా. పదేళ్ళ అలవాటు. ఏడయింది, సెయ్యి కూత తాడు మీదికి పోయింది.”

వీడి తరఫున చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మృత్యుంజయ దా అడిగాడు. అడిగి చాలాసేపు ఆగాడు. ఎవరో దగ్గారు. పొగమంచు విడిపోయి, గేటు వెనక నది కనిపిస్తోంది. దేముడు తల ఎత్తలేదు గాని, అతను వింటున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది.

“కార్డు తీసెయ్యాలనేవాళ్ళు చేతులెత్తండి.”

అందరికంటే ముందు లేచిన చేతికి చేప పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి.