అలగని పిచ్చుక

"ఇవాళ ఇల్లు చేరేలోపు అది ఒక్క పాటైనా పాడకపోతే పీకి పారేస్తా. నా రేడియో నాకు పెట్టించండి," అంది అక్క ముందు సీట్లోంచి.

అది అంటే కంప్యూటరు. కారులో రేడియో ఊడబీకిన చోట బావా బావమరిదీ సొంతంగా తయారుచేసి నిన్ననే బిగించారు. ఆరు నెలల ఆదివారాలు దానికే ధారపోశారు పాపం. అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాలన్న దగ్గరే పేచీ.

"ఆఫీసులో వాడేదే పెడదాం. చేతికి అలవాటైంది," అన్నాడు బావ స్టీరింగు తిప్పుతూ.

"కారుని కూడా ఆఫీసు చేస్తావా బావా? ఫోన్లో ఉండేదే నయం," అన్నాడు బావమరిది, వెనక సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని.

ఇద్దరూ ఎవరికి నచ్చింది వాళ్లు ఎక్కించి చెరో మెమరీ కార్డు సిద్ధం చేసుకునే వచ్చారు.

బస్టాపులో ఒక పెద్దావిడ వానకు తడుస్తోంది. అక్క కారు ఆపించి వెనక ఎక్కించింది.

కూర్చుంటూనే ఆవిడ బావమరిది వైపు చూసి, "బెల్టు పెట్టుకో నాయనా. తొందరేముంది, నిదానంగా పోదాం," అంది.

"వచ్చీ రాగానే మొదలెట్టారా మామ్మగారూ!" అని నవ్వుతూ పెట్టుకున్నాడు.

పేచీ మళ్లీ రాజుకుంది. ఆవిడ కాసేపు విని మెల్లగా అంది:

"తాళం తీయగానే కారులో కరెంటు టక్కున పోతుంది కదా! మీవి రెండూ ముందు చెప్పి ఆపాల్సినవి. చెప్పాపెట్టకుండా ఆపితే అలుగుతాయి. 'పిచ్చుక' అని ఒకటుంది, కార్ల కోసమే. ఊరికే ఇస్తారు. అది అలగదు."

"పిచ్చుకా!" బావ పగలబడి నవ్వాడు. "కోడి లేదా మామ్మగారూ?"

"ఇవన్నీ మీకు తెలియవులెండి," అన్నాడు బావమరిది.

ఆవిడ కూడా నవ్వేసి, మలుపు దగ్గర దిగి, సంచి నెత్తిన పెట్టుకుని సందులోకి వెళ్లిపోయింది.

పెట్రోలు బంకులో బావ తన కార్డు పెట్టాడు. బాగానే వెలిగింది. తాళం తీసి మళ్లీ పెడితే తెర నల్లమొహం వేసింది. బావమరిది కార్డు రెండు తాళాలదాకా ఓర్చుకుని, అదీ మూగనోము పట్టింది.

"ఇంకేం, పీకండి," అంది అక్క. ఇద్దరి మొహాలూ చూసి జాలేసింది. "సరే, ఆ మామ్మ చెప్పిందేదో పెట్టి ఏడవండి!"

అరగంటలో పిచ్చుక నెట్‌లోంచి దిగి కార్డులోకి ఎక్కింది. తాళం పదిసార్లు తీశారు, పదిసార్లు పెట్టారు. పదిసార్లూ తెరమీద బుల్లి పిచ్చుక తుర్రున వచ్చి వాలింది. ఆ వెంటనే పాట అందుకుంది.

అక్క ఈల వేసింది. బావా బావమరిదీ బంకులోనే గంతులేశారు.

"మామ్మగారికి థాంక్స్ అయినా చెప్పలేదు బావా. పేరు కూడా అడగలేదు."

"ఎవరి దగ్గరో విని ఉంటుందిలే," అంటూ బావ కారు కదిలించాడు.

ఆ సంతోషంలో ఒక్కరూ బెల్టు పెట్టుకోలేదు.

పాట టక్కున ఆగి, ఇందాక వెనక సీట్లో విన్న అదే గొంతు ఈసారి తెరమీది పిచ్చుక నోట వినిపించింది: "బెల్టు పెట్టుకో నాయనా. తొందరేముంది, నిదానంగా పోదాం."